కవరు తీయరాదు

మా ఆఫీసులో సుగరు లేని మనిషి ఒక్కడుండేవాడు. అతన్నీ బదిలీ చేసేశారు.

మాది ఆహార పాత్రల నియంత్రణ మండలి, జిల్లా కార్యాలయం. జనం ఏ గిన్నెలో వండుకుంటున్నారు, ఏ గ్లాసులో తాగుతున్నారు, అవి ఒంటికి మంచివా కావా అని చూడటం మా పని. ఇలాంటి ఆఫీసు ఒకటుందని మీకు తెలియకపోతే అందులో మీ తప్పేమీ లేదు. పోస్ట్‌మ్యాన్‌కే తెలియదు. మా టపా తీసుకెళ్ళి పక్కనున్న పశువుల ఆసుపత్రిలో ఇచ్చేస్తాడు. వాళ్ళు అది తమది కాదని తేల్చుకుని మాకు పంపేసరికి గడువు ఎటూ దాటిపోతుంది. గడువు దాటినవాటికి మేం జవాబు రాయనక్కర్లేదు. అందుచేత ఎక్కువగా కూర్చునే ఉంటాం. కూర్చున్నవాళ్ళం ఊరికే ఉండలేం కదా, టీ తాగుతాం. టీలో పంచదార ఉంటుంది. మీకు సుగరు ఎలా వచ్చిందండీ అని ఎవరైనా అడిగితే నాకు ఒళ్ళు మండిపోతుంది.

నేను సీనియర్ అసిస్టెంటుని. పేరు గుంపస్వామి. మా పెద్దాయన జాయింట్ డైరెక్టర్ త్రివిక్రమరావు గారు. ఆయన కుర్చీ కొని రెండేళ్ళయింది, దాని పాలితిన్ కవరు ఇప్పటికీ తీయలేదు. ఆయన కాస్త కదిలితే చాలు, కుర్చీ చర్రుమంటుంది. ఆ చప్పుడు వినగానే హాల్లో మేమంతా ఫైళ్ళు విప్పుతాం. ఇందులో నవ్వడానికేమీ లేదు. మా ఇంట్లో ఫ్రిజ్ తలుపు మీద పొర అలాగే ఉంది. టీవీ రిమోట్‌కి కవరేసి రబ్బరు బ్యాండు చుట్టాం, ఏ అంకె ఎక్కడుందో వేలికి తెలుసు గానీ కంటికి కనపడదు. మా బావమరిది కొత్త కారు సీట్ల మీద కవర్లు తీయకుండా మే నెలలో తిరుపతి వెళ్ళాడు. దిగబోతే చొక్కా సీటుకే అంటుకుని ఉండిపోయింది. అయినా తీయలేదు. కొత్త వస్తువు కొత్తగా ఉండాలంటే కవరు తీయకూడదు, అంతే.

అలా హాయిగా కాలం గడుస్తుండగా రాజధాని నుంచి డాక్టర్ యామిని అని ఒక శాస్త్రవేత్త వచ్చింది. చిన్న పిల్ల, నెమ్మదిగా మాట్లాడుతుంది. ఆమెకి పాలితిన్ చుట్టిన పూలగుత్తి ఇచ్చి, ప్లాస్టిక్ సీసాలో నీళ్ళు పెట్టి, ఆమె చెప్పింది విన్నాం.

"వేడి సాంబారు, వేడి టీ ప్లాస్టిక్ కవర్లలో పోస్తే కొన్ని రసాయనాలు వాటిలోకి దిగుతాయండీ. అవి మన ఒంట్లో హార్మోన్ల పనిలో వేలు పెడతాయి. ఇన్సులిన్ పనికి కూడా అడ్డుపడతాయేమోనని అనుమానం. సుగరుకీ వీటికీ సంబంధం ఉన్నట్టు కొన్ని పరిశోధనల్లో కనపడుతోంది. ఇదొక్కటే కారణమని మాత్రం ఎవరూ అనలేరు, ఇంకా తేలాల్సింది చాలా ఉంది. ఈలోగా వేడివి ప్లాస్టిక్‌లో వేసుకోకండి. అన్నం కొంచెం తగ్గించండి. భోంచేశాక కాసేపు నడవండి."

ఇంతే చెప్పింది పాపం. చక్కగా, పొదుపుగా చెప్పింది. త్రివిక్రమరావు గారి కుర్చీ చర్రుమంది.

"అనగా, ప్లాస్టిక్ నిర్మూలన ద్వారా మధుమేహ నిర్మూలన!" అన్నారాయన.

"అంత మాట అనలేదండీ," అంది ఆ పిల్ల.

"మీరు అనలేరు. మేము ఉత్తర్వు ఇవ్వగలం."

సాయంత్రానికి ఉత్తర్వు తయారైంది. రాసింది నేనే, నాకా భాష బాగా వచ్చు. ఇందుమూలముగా యావన్మందికీ తెలియజేయడమేమనగా, జిల్లాలోని ప్రతి భోజనశాల, ఫలహారశాల, టీ దుకాణం తమ ప్లాస్టిక్ వాడకమును విధిగా సగానికి తగ్గించి నిరూపించవలెను, నిరూపించనివారి అనుమతి రద్దు చేయబడును. దానికి 'చక్కెర సంహారం' అని పేరు పెట్టి, ఊరంతా ఫ్లెక్సీలు కట్టించారు. ఫ్లెక్సీ అంటే ప్లాస్టిక్కే కదండీ అని నేను అనబోయాను. సూపరింటెండెంట్ పట్నాయక్ గారు నా మోచెయ్యి గిల్లారు.

"ఫ్లెక్సీ ఎవరూ తినరు, గుంపస్వామీ," అన్నారు.

పట్నాయక్ గారి గురించి ఒక్క మాట చెప్పాలి. ఆయనకి రాని రూలు లేదు. రూలు లేని చోట నిలబడమంటే ఆయనకి కళ్ళు తిరుగుతాయి.

*

మా ఆఫీసు వెనక రేకుల షెడ్డులో అసిరమ్మ కాంటీను నడిపేది. మొగుడు పోయిన దగ్గర్నుంచీ ఆ షెడ్డే ఆమెకు బతుకు. పొద్దున ఇడ్లీ, మధ్యాహ్నం భోజనం, మధ్య మధ్య టీ. విస్తరాకులో అన్నం, ఆకు దొన్నెలో పులుసు, గాజు గ్లాసులో టీ. కవరు అన్నమాటే లేదు. పార్సెలు కావాలంటే గిన్నె తెచ్చుకోమంటుంది. గిన్నె లేదంటే ఇక్కడే తినమంటుంది. అదేదో పెద్ద సిద్ధాంతమని కాదు. కవర్లు కొనడం దండగ, ఆకులు ఆమె చెల్లెలు కుట్టి పంపిస్తుంది.

తనిఖీకి నేనూ పట్నాయక్ గారూ వెళ్ళాం. ఆఫీసు ల్యాప్‌టాప్ కంప్యూటరు చేత్తో పట్టుకుని వెళ్ళాం, మూత మీద ప్లాస్టిక్ పొర అలాగే ఉంది.

"నెలకి ఎన్ని ప్లాస్టిక్ కవర్లు వాడుతున్నావు?" అని పట్నాయక్ గారు అడిగారు.

"ఒక్కటీ నేదు బాబూ."

ఆయన సున్నా కొట్టారు. కంప్యూటరు ఎర్రగా మొహం పెట్టి, సరైన అంకె వేయమంది. మళ్ళీ కొట్టారు. మళ్ళీ అదే పాట.

"ఒక్కటైనా వాడుంటావు, గుర్తు తెచ్చుకో."

"నేదంటే నేదు బాబూ. సూసుకోండి, మూల మూలా ఎతుక్కోండి."

వెతికాం. మసి గుడ్డలు, ఆకుల కట్టలు, ఇత్తడి డేగిసాలు, ఒక స్టీలు గరిటె. ప్లాస్టిక్ అన్నది మచ్చుకైనా లేదు. పట్నాయక్ గారి నుదుటి మీద చెమట పట్టింది.

"చూడు అసిరమ్మా, ఉత్తర్వు ప్రకారం నువ్వు ప్లాస్టిక్ సగానికి తగ్గించాలి. నీ దగ్గర ఏమీ లేకపోతే ఏం తగ్గిస్తావు? తగ్గించకపోతే తగ్గింపు శూన్యం. తగ్గింపు శూన్యమైతే సహకరించనట్టు లెక్క."

"అదేటి బాబూ! వాడనోళ్ళకి శిచ్చేటి?"

"శిక్ష కాదు, రూలు."

నేను ఆమెను పక్కకి పిలిచి, ఓ కవర్ల కట్ట కొనేసి రేపట్నుంచి వాడెయ్, నెలాఖరుకి మానెయ్ అని చెప్పాను. నాకు తోచిన దారి అదొక్కటే. అసిరమ్మ నా వైపు ఎగాదిగా చూసింది.

"మంచి సలహాయే సెప్పారు. రేపు దొంగతనం మానెయ్యమన్నారనుకోండి, ముందెల్లి ఎవరింట్లోనైనా దూరమంటారేటి?"

గేటు ఎదురుగా సన్యాసిరావు టిఫిన్ సెంటరుంది. అతను ఇడ్లీలు కవర్లో, చట్నీ కవర్లో, పొగలు కక్కే సాంబారు కవర్లో పోసి దారం కట్టి, ఆ కవర్లన్నిటినీ ఇంకో కవర్లో వేసి, చిరిగిపోతుందేమోనని దాన్ని మరో కవర్లో పెట్టి ఇచ్చేవాడు. ఆ చివరి కవరు మానేశాడు, దానితో పాటు పచ్చడి పొట్లం కూడా కాగితంలోకి మార్చాడు. ఎలా లెక్కేశారో గానీ సగానికి తగ్గిందని తేలింది. త్రివిక్రమరావు గారు అతనికి 'ఉత్తమ ఆహార పాత్రధారి' బిరుదిచ్చి, అసిరమ్మ షెడ్డు కూడా అతనికే ఇవ్వాలని నిర్ణయించారు. అయితే షెడ్డు తాళం రాజధాని నుంచి మా మండలి చైర్మన్ గారు వచ్చినప్పుడు ఆయన చేతుల మీదుగా ఇవ్వాలి. చైర్మన్ గారు ఎప్పుడొస్తారో చైర్మన్ గారికే తెలియదు. అప్పటిదాకా షెడ్డుకి తాళం వేశాం.

ఆ తాళం వేసిన రోజు నాకు టీ లేదు. దిక్కుమాలిన ఉత్తర్వు, రాసిన చెయ్యి నాదే, తిట్టుకుందామంటే ఎవర్ని తిట్టుకోను?

*

మరి ఉద్యోగులు ఎక్కడ తినాలి? దానికీ ఆలోచించారు. కార్యాలయం ఆదర్శంగా నిలవాలని, ప్రతి ఉద్యోగికీ స్టీలు క్యారేజీ ఇవ్వాలని పైనుంచి మంజూరైంది. టెండరు పిలిచారు. లారీలో క్యారేజీలు దిగాయి. తళతళ మెరిసిపోతున్నాయి. ప్రతి గిన్నెకీ లోపలా బయటా అంటిపెట్టుకున్న పాలితిన్ పొర, దాని మీద సీలు, సీలు మీద ఎర్ర అక్షరాలు: కవరు తీసినచో సరుకు వాపసు తీసుకోబడదు.

"తీసేద్దామా సార్?" అన్నాను.

పట్నాయక్ గారు గుండె మీద చెయ్యి వేసుకున్నారు.

"తీస్తే ఏమవుతుందో తెలుసా? కొత్త సరుకు వాడిన సరుకైపోతుంది. వాడిన సరుకంటే ఎవరు వాడారు, ఎందుకు వాడారు, ప్రారంభోత్సవం జరగకుండా ఎలా వాడారు అని ఆడిట్లో అడుగుతారు. చైర్మన్ గారు వచ్చి ప్రారంభించేదాకా కవరు తీయరాదు."

"మరి వాడొద్దా?"

"వాడకపోతే ఎందుకు వాడలేదని అడుగుతారు. వాడాలి. కవరు తీయకుండా వాడాలి."

త్రివిక్రమరావు గారు దీన్ని తీర్మానం చేశారు. ప్లాస్టిక్ నుంచి విముక్తి కోసం స్టీలు, స్టీలు రక్షణ కోసం ప్లాస్టిక్. మొదటి రోజు మేమంతా ఇంటి నుంచి తెచ్చుకున్న వేడి పప్పు ఆ పొర మీదే పోసుకున్నాం. పొర ముడతలు పడి, పైకి లేచి, వంకాయ తొడిమలా పంటి కింద పడింది. టైపిస్టు సుభద్ర గారు నమిలి నమిలి, ఇదేం కూరండీ అనడిగారు.

రెండో రోజు నుంచి క్యారేజీలన్నీ బీరువాలో పెట్టి తాళం వేసుకున్నాం. రిజిస్టర్లో మాత్రం అందరూ క్యారేజీల్లోనే తిన్నట్టు సంతకాలు చేశాం.

తినడం ఎక్కడంటారా? అసిరమ్మ నాలుగు చక్రాల బండి ఒకటి సంపాదించి గేటు బయట పెట్టింది. అవే ఆకులు, అవే దొన్నెలు, అదే గాజు గ్లాసు. గంట కొట్టగానే ఆఫీసు ఆఫీసంతా గేటు బయటుండేది. సన్యాసిరావు కడుపు మండి అర్జీ పెట్టాడు. అనుమతి లేని బండి ఆఫీసు పరిధిలో ఉండరాదని ఉత్తర్వు వచ్చింది. అదీ నేనే రాశాను. అసిరమ్మ బండి తోసుకుంటూ పెద్ద కాలువ వంతెన దాకా వెళ్ళింది. మేమూ నడుచుకుంటూ వెనకే వెళ్ళాం. అక్కడా అర్జీ, అక్కడా ఉత్తర్వు. ఈసారి రైలు గేటు అవతలికి వెళ్ళింది. మేం రైలు గేటు దాకా నడిచాం. తిని, మళ్ళీ నడిచి వచ్చాం. ఒక్కోసారి గేటు పడితే అటో ఇటో నిలబడేవాళ్ళం. ఆఫీసుకి వచ్చేసరికి టీ తాగే ఓపిక ఉండేది కాదు.

ఓ రోజు చూద్దును కదా, వంతెన దగ్గర టవలు నెత్తిన కప్పుకుని త్రివిక్రమరావు గారు! ఇద్దరం ఒకరినొకరు చూసుకోనట్టు నడిచాం. బండి దగ్గర ఆయన విస్తరి అందుకుని, "నేను తనిఖీకి వచ్చాను," అన్నారు.

"అలగేనండి బాబూ. తనికీకి దప్పళం ఎయ్యమంటారా?" అంది అసిరమ్మ.

బండి రోజూ అంత దూరం తోయడం ఆడమనిషి వల్ల అయ్యే పనేనా? యాభై దాటిన మనిషి. పొద్దున బండి తోసుకెళ్ళేటప్పుడు ఒక చెయ్యి మోకాలి మీద ఉండేది. అడిగితే, "ఏటి సేస్తాం బాబూ, మీ ఆఫీసు నన్ను ఒగ్గదు, నా పొయ్యి మిమ్మల్ని ఒగ్గదు," అని నవ్వేసేది. ఆ షెడ్డు నాకిప్పించెయ్యండి బాబూ, ఇంకేటీ వద్దు అని మాత్రం రోజూ ఒకసారి అనేది. నాకు ముద్ద మింగుడుపడేది కాదు. అయినా మింగేవాణ్ణి, దప్పళం అలా ఉండేది మరి.

*

మూడు నెలలు గడిచాక అందరికీ రక్తపరీక్షలు చేయించారు. ఆశ్చర్యం! అందరి సుగరూ దిగింది. నాది దిగింది, సుభద్ర గారిది దిగింది, త్రివిక్రమరావు గారిదైతే మందు బిళ్ళ సగానికి వచ్చింది. రోజూ రైలు గేటు దాకా నడిస్తే దిగక ఛస్తుందా? కానీ నడిచినట్టు రిజిస్టర్లో లేదు. రిజిస్టర్లో ఉన్నది క్యారేజీ.

నివేదిక వెళ్ళింది: కవరు తీయని క్యారేజీల వాడకం వల్ల కార్యాలయ చక్కెర గణనీయంగా క్షీణించినది. చైర్మన్ గారు ఉబ్బితబ్బిబ్బై, అన్ని జిల్లాలకీ అవే క్యారేజీలు కొనమని సంతకం పెట్టి, మమ్మల్ని అభినందించడానికి స్వయంగా బయల్దేరారు. అంటే షెడ్డు తాళం సన్యాసిరావు చేతిలో పడే రోజు కూడా వచ్చేసిందన్నమాట.

చైర్మన్ గారు భారీ మనిషి. ఆయనకీ సుగరే. హాల్లో పూలదండలయ్యాక, "ఉపన్యాసాలు తర్వాత, ముందు నాకు ఆ క్యారేజీలో భోజనం పెట్టండి. నా సుగరు కూడా దిగాలి కదా!" అన్నారు.

అన్నం ఎక్కడిది? సన్యాసిరావు ఇడ్లీలు తప్ప ఏమీ చేయడు. త్రివిక్రమరావు గారు నా చెవిలో, "ఆ రైలు గేటావిడ్ని తీసుకురా, వెనక తలుపు నుంచి," అన్నారు. ఆటోలో వెళ్ళి అసిరమ్మనీ, డేగిసాల్నీ తీసుకొచ్చాను. పాపం ఆమె ఎంత సంబరపడిందో! షెడ్డు ఇస్తున్నారేమో అనుకుంది. నేను చెప్పలేకపోయాను. మెట్లెక్కుతుంటే రెండుసార్లు ఆగి మోకాలు పట్టుకుంది.

లోపలికి వచ్చేసరికి బల్ల మీద షెడ్డు తాళం చెవి ఎర్ర రిబ్బను కట్టి పళ్ళెంలో ఉంది. పక్కనే సన్యాసిరావు కొత్త చొక్కాలో నిలబడి ఉన్నాడు. అసిరమ్మ ఆ తాళం చెవిని చూసింది, అతన్ని చూసింది, తర్వాత నన్ను చూసింది.

"నన్ను పిలిపించింది వడ్డనకేనా బాబూ?" అంది, మెల్లగా.

పట్నాయక్ గారు, "పక్కకి జరుగు, పక్కకి," అని ఆమె చేతిలో గరిటె లాక్కుని, పొగలు కక్కుతున్న దప్పళం తానే క్యారేజీలో పోయబోయారు. పాలితిన్ పొర మీద, ప్రారంభోత్సవం రోజున కూడా!

నాకు ఎక్కడలేని కోపమూ వచ్చింది. ఇన్నాళ్ళూ రాసిన ఉత్తర్వులన్నీ ఒక్కసారి గొంతులోకి వచ్చాయి. "ఉండండి సార్, కనీసం ఈ ముదనష్టపు కవరైనా తీయనివ్వండి!" అని అరిచి, ఆ క్యారేజీ గుంజుకుని, సీలు చింపి, పొర పట్టుకుని చర్రున లాగేశాను.

హాలంతా హమ్మో అంది. పట్నాయక్ గారు గోడ పట్టుకున్నారు.

కవరుతో పాటు తళతళ కూడా ఊడి వచ్చేసింది. వెండి రంగంతా పొరకే అంటుకుపోయింది. నా చేతిలో మిగిలింది నీలం రంగు గిన్నె. బాత్‌రూంలో మగ్గు ఉంటుందే, అచ్చం ఆ నీలం. వేలితో కొట్టి చూశాను. స్టీలు ఖంగుమనాలి కదా, ఇది టప్‌మంది.

"ప్లాస్టిక్కు," అన్నారు సుభద్ర గారు. ఆ రోజు హాల్లో వినపడిన మొదటి నిజం అది.

సన్యాసిరావు ఇంకో క్యారేజీ గోకాడు. అదీ నీలమే. చైర్మన్ గారి ముఖం చూడాలి! అన్ని జిల్లాలకీ ఆయన సంతకంతోనే వెళ్ళాయి.

"ఇది బయటపడితే ఏమవుతుంది?" అన్నారాయన, గొంతు తగ్గించి.

గోడ దగ్గర్నుంచి పట్నాయక్ గారి గొంతు వినిపించింది. ఆ గొంతులో ఏదో వెలుగు ఉంది.

"సార్, రూలు ప్రకారం చూస్తే ఇది నష్టం కాదు. ఇన్నాళ్ళూ మన దగ్గర తగ్గించడానికి ప్లాస్టిక్ లేదు. ఇప్పుడు పుష్కలంగా ఉంది. ఎవరికైనా ఈ క్యారేజీలు ఇచ్చినట్టు చూపించి, వాళ్ళు మానేసినట్టు రాస్తే, నూటికి నూరు శాతం తగ్గింపు సార్! రాష్ట్రంలో ఎవరూ సాధించలేదు."

చైర్మన్ గారు లేచి కూర్చున్నారు. "కానీ రేపు ఎవరైనా తనిఖీకి వెళ్తే? అక్కడ ఒక్క కవరు ముక్క కూడా దొరక్కూడదు. అంత కచ్చితంగా మానేసేవాళ్ళు ఎవరున్నారయ్యా?"

"ఎప్పుడూ వాడనివాళ్ళయితే మానెయ్యడం తేలిక సార్," అన్నారు పట్నాయక్ గారు.

సన్యాసిరావు ముందుకొచ్చాడు. వాడి చేతిలోనే రెండు కవర్లున్నాయి.

నా నోట మాట దానంతట అదే వచ్చింది. "అసిరమ్మ ఉంది కదండీ!"

అందరూ తలుపు వైపు తిరిగారు. అసిరమ్మ డేగిసా పక్కన నేల మీద చతికిలబడి మోకాలు నొక్కుకుంటోంది.

"అయితే ఆవిడకి అనుమతి ఉండాలి. అనుమతి ఉండాలంటే షెడ్డు ఉండాలి," అన్నాను. జీవితంలో మొదటిసారి రూలు నాకు తియ్యగా అనిపించింది. పళ్ళెంలోంచి తాళం చెవి తీసి ఆమె చేతిలో పెట్టాను. రిబ్బను సన్యాసిరావు వైపు వేలాడుతూ ఉండిపోయింది.

*

అలా అసిరమ్మ కాంటీను మళ్ళీ తెరుచుకుంది. పాత తేదీ వేసి క్యారేజీలన్నీ ఆమె పేర రాశాం, కొత్త తేదీ వేసి ఆమె మానేసినట్టు రాశాం. కంప్యూటరు ఒక్క మాట కూడా అనకుండా ఒప్పేసుకుంది. రాష్ట్రంలోకెల్లా ఉత్తమ కాంటీను అని పెద్ద సభ పెట్టి ఆమెకి శాలువా, జ్ఞాపిక ఇచ్చారు. డాక్టర్ యామినిని కూడా పిలిచారు. ఆ పిల్ల వేదిక మీద ఏదో చెప్పబోయింది గానీ, మైకు త్రివిక్రమరావు గారి దగ్గరుండిపోయింది.

ఈ సంగతి తెలిసి మిగతా జిల్లాల్లో ఆకుల్లో వడ్డించే కాంటీనులవాళ్ళంతా గోల పెట్టారు. మాకూ తగ్గించడానికి ప్లాస్టిక్ ఇప్పించండి, మేమేం పాపం చేశాం అని. వాళ్ళకోసం ప్లాస్టిక్ క్యారేజీలకి టెండరు పిలిచారు. ఈసారి దాపరికం లేదు, ప్లాస్టిక్ అనే అడిగారు. వాడనివాళ్ళకి ఇచ్చి మాన్పించడానికి.

సభలో మధ్యాహ్న భోజనం పొట్లాలు పంచారు. సన్యాసిరావు కాంట్రాక్టే. నా చేతికొచ్చిన కవర్లో ఇంకో కవరు, అందులో పొగలు కక్కుతున్న సాంబారు, మూతికి దారం. పట్టుకుంటే చెయ్యి కాలుతోంది. అసిరమ్మ నా పక్కనే మెట్ల మీద కూర్చుని, శాలువా మీది కవరు పరపరా చింపేసింది. చుట్టుపక్కలవాళ్ళు అయ్యయ్యో అన్నారు. ఆమె పట్టించుకోకుండా శాలువా తీసి మోకాలికి గట్టిగా చుట్టుకుంది.

"ఒక మాట సెప్పండి బాబూ. నాను ముట్టుకోనిదాన్ని నాను మానేసినానని కదా ఇయన్నీ ఇచ్చినారు?"

"అవును అసిరమ్మా."

"మరి మానెయ్యాల్సినోల్లో?"

నేను చేతిలో కవరు వైపు చూసుకున్నాను. వేదిక మీద త్రివిక్రమరావు గారు దారం ముడి పంటితో విప్పుతున్నారు. చైర్మన్ గారు కవరు మూల కొరికి సాంబారు పిండుకుంటున్నారు. వాళ్ళ వెనకాల ఫ్లెక్సీ గాలికి ఊగుతోంది.

"ఇలాగ తెండి," అని అసిరమ్మ నా చేతిలో కవరు లాక్కుని చెత్తడబ్బాలో పడేసింది. కొంగు ముడి విప్పి మడత పెట్టిన ఆకు దొన్నె ఒకటి తీసింది. తను వెంట తెచ్చుకున్న గిన్నె మూత తీసి దప్పళం పోసి నాకిచ్చి, చల్లారక ముందే తాగమంది.